పాయింట్సుమన్ మారిన జంక్షను

కిందటి నెల మా యింట్లో జరిగిన సంగతి ఒకటి పాఠకులకు మనవి చెయ్యాలని కలం పట్టాము. కుక్కరు రబ్బరు గురించీ, ఇన్వర్టరు బ్యాటరీకి నీళ్లు పొయ్యటం గురించీ వ్రాసుకునే మేము యీసారి కంప్యూటరు జోలికి పోవటం చూసి కొందరు ముక్కు మీద వేలు వేసుకోవచ్చు. కాని యిప్పుడు కంప్యూటరు కూడా యింటి సామానే. పిల్లల పరీక్ష దరఖాస్తులు, కరెంటు బిల్లులు, పెళ్లి శుభలేఖలు, యీ పత్రికకు పంపే వ్రాతలు, అన్నీ దాని పొట్టలోనే వుంటున్నాయి. లోపల సామాను చెక్కుచెదరకుండా వున్నా, దాని దగ్గరికి పోయే దారి తెలియక “అంతా పోయింది” అనుకుని, మన చేతులతో మనమే తగలేసుకునే ప్రమాదం ఒకటి వుంది. మేము ఆ అంచు దాకా వెళ్లి తిరిగి వచ్చాము. అందుకే యీ వ్రాత.

మా కంప్యూటరు సుమారు పదమూడేళ్ల నాటిది. అందులో విండోసు, లినక్సు అని రెండు వ్యవస్థలు కాపరం చేస్తున్నాయి. ఒకటే చాలదా అని అడగవచ్చు. పత్రిక పేజీలు కూర్చే పాతకాలపు తెలుగు అక్షరాల సరంజామా విండోసులో తప్ప నడవదు. కాని ఆ విండోసు 10కి సాధారణంగా వచ్చే భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. పదకొండవ విండోసు వేద్దామంటే అది కోరే భద్రతా చిప్పు మా ముసలి యంత్రంలో లేదు. అంచేత కూర్పు పనికి విండోసు, బ్యాంకు పనికీ ఉత్తరాలకూ లినక్సు అని పంచుకున్నాము. వీధిలో ఒరియా, యింట్లో తెలుగు మాట్లాడుతూ తరాలు గడిపినవాళ్లం. ఒక పెట్టెలో రెండు వ్యవస్థలంటే మాకు వింతేమీ అనిపించలేదు.

రోజూ మీట నొక్కగానే నల్లటి తెర మీద చిన్న పట్టిక వచ్చేది. లినక్సా, విండోసా అని అడిగేది. బాణం గుర్తు కిందికీ మీదికీ జరిపి కావలసినదాన్ని యెంచుకునేవాళ్లం.

విండోసు బాగా మందకొడిగా తయారయిందని ఒక ఆదివారంనాడు మేమే పూనుకుని, దాని భాగం వరకు తుడిచి మళ్లీ కొత్తగా వేశాము. లినక్సు వున్న భాగాన్ని వేలితోనైనా ముట్టుకోలేదు. పని ముగిసింది, సంతోషించాము. మర్నాడు మీట నొక్కితే నల్లపట్టిక రాలేదు. బండి తిన్నగా విండోసులోకి పోయింది. ఆపి మళ్లీ నొక్కాము. మళ్లీ విండోసే. డిస్కులో చూస్తే విండోసు భాగం తప్ప మరొకటి కనిపించలేదు. లినక్సు అనేది ఒకటి వుండేదన్న ఆనవాలే లేదు.

పెట్టెను రిక్షాలో వేసుకుని బజారులో ఒక దుకాణానికి పట్టుకుపోయాము. అక్కడి కుర్రవాడు రెండు నిమిషాలు చూసి, “ఏం లేదు అంకుల్, మొత్తం ఫార్మాట్ కొట్టేసి ఫ్రెష్‌గా వేసేద్దాం. పాత డేటా మీద ఆశ పెట్టుకోకండి” అన్నాడు. ఫార్మాట్ అంటే డిస్కు తుడిచి పలక చెయ్యటం. చేసేదేముందని తల వూపబోతూ, యింటికి ఒకసారి ఫోను చేశాము. అవతలినుంచి యింటావిడ, “మీ మేనత్తగారి పాటలు అందులోనే వున్నాయి కదండీ?” అంది.

మా గుండె ఒక్కసారి జారింది. మా మేనత్తగారిది పర్లాకిమిడి. తలుపు దగ్గర పాటలు, మంగళహారతులు, పసిపిల్లల జోలలు ఆవిడకు వచ్చినన్ని మా వంశంలో మరొకరికి రావు. ఆవిడ పోయేముందు సంవత్సరం పక్కన కూచుని ముప్ఫై ఒక్క పాటలు ఫోనులో పట్టాము. కంప్యూటరులోకి యెక్కించి, దగ్గులూ కుర్చీ చప్పుళ్లూ కత్తిరించి లినక్సు వైపు దాచాము. తరవాత ఆ ఫోను పాడయింది. రెండో నకలు తీసుకోవాలని అనుకుంటూనే రోజులు గడిపాము. ఆవిడ పోయారు. ఆ గొంతు లోకంలో వున్నది యీ ఒక్క పెట్టెలోనే.

“యివాళ్టికి వద్దు నాయనా” అని చెప్పి పెట్టెను తిరిగి యింటికి తెచ్చుకున్నాము.

శనివారంనాడు మా చెల్లెలి కూతురు వచ్చింది. కంప్యూటరు చదువు చదువుతున్న పిల్ల. సంగతంతా విని, “మావయ్యా, ఫార్మాట్ అన్నమాట యెవరన్నా సరే ముందు చెయ్యి వెనక్కి తీసుకోండి. పాటలు యెక్కడికీ పోలేదు, మీ పాయింట్సుమన్ మారాడంతే” అంది. ఆ మాట మాకు బాగా తలకెక్కింది. అది చెప్పినదాన్ని మా మాటల్లో పాఠకుల ముందు పెడుతున్నాము.

మీట నొక్కగానే కంప్యూటరుకు తానెవరో తనకే తెలియదు. విండోసు గాని లినక్సు గాని డిస్కులో నిద్రపోతూ వుంటాయి. వాటిని మెలకువ చెయ్యాలంటే ఒక ప్రోగ్రాము నడవాలి. ఆ ప్రోగ్రామును యెవరు నడపాలి? తన భుజాల మీద తానే యెక్కినట్టు వుంటుంది యీ చిక్కు. తెల్లవాళ్లు యిదే భావాన్ని తన బూటు పట్టీలు పట్టుకుని తన్ను తానే పైకి లేపుకోవటం అనేవారు. కంప్యూటరు లేవటాన్ని ‘బూట్’ అనటం ఆ పట్టీల నుంచి వచ్చినదే.

చిక్కు విప్పే పద్ధతి మెట్లు మెట్లుగా వుంటుంది. అడుగు పలకలోని చిప్పులో శాశ్వతంగా ఒక చిన్న ప్రోగ్రాము వుంటుంది. పాత యంత్రాలలో దాని పేరు బయాస్. అది జ్ఞాపకశక్తినీ, కీబోర్డునూ తడిమి చూసుకుని, డిస్కు మొట్టమొదటి గదిని చదువుతుంది. ఆ గది 512 బైట్లు మాత్రమే. అందులో 446 బైట్లు దారి చూపే ప్రోగ్రాముకు, 64 బైట్లు డిస్కును యే భాగాలుగా పంచారో చెప్పే పట్టికకు, చివరి 2 బైట్లు ముద్రకు. 446 బైట్లంటే చాలా కొంచెం చోటు. అంత చిన్నచోట పెద్ద ప్రోగ్రాము పట్టదు కనుక, అక్కడి ముక్క తన పక్కనే దాచిన కొంచెం పెద్ద ముక్కను పిలుస్తుంది, ఆ రెండోది లినక్సు భాగంలో వున్న పూర్తి సరంజామాను పిలుస్తుంది. అప్పుడు మనకు నల్లపట్టిక కనిపిస్తుంది. దారి చూపే యీ ప్రోగ్రామునే బూట్‌లోడరు అంటారు. లినక్సువాళ్లు ఎక్కువగా వాడేది గ్రబ్ అనేది. 1995లో ఎరిక్ బోలిన్ అనే ఆయన దాన్ని మొదలుపెట్టాడు.

నౌపడ జంక్షను యెరిగినవారికి యిది సులువుగా బోధపడుతుంది. మెయిన్ లైను ఒక వైపు, పర్లాకిమిడి మీదుగా గుణుపురం పోయే లైను ఒక వైపు. పట్టాలు కలిసేచోట పాయింటు మార్చే మనిషి వుండబట్టి యే బండి యే దారిని పోవాలో ఆ దారిని పోతుంది. గ్రబ్ అటువంటి మనిషి. రెండు లైన్లూ తెలిసినవాడు. మేము విండోసును కొత్తగా వేసినప్పుడు అది రివాజు ప్రకారం ఆ 446 బైట్లలో తన మనిషిని నిలబెట్టుకుంది. అతనికి మెయిన్ లైను ఒక్కటే తెలుసు. గుణుపురం పట్టాలు అక్కడే వున్నాయి, స్టేషన్లు వున్నాయి, స్టేషన్లలో జనం వున్నారు. బండి మాత్రం అటు మళ్లటం లేదు. పట్టాలు పీకేద్దామని మేము గునపం యెత్తబోయాము!

విండోసుకు లినక్సు భాగం చదవటం సామాన్యంగా రాదు. అంచేత అక్కడ యేమీ లేనట్టు వూరుకుంటుంది. ఒక్కొక్కప్పుడు “యీ భాగాన్ని వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా?” అని అమాయకంగా అడుగుతుంది కూడాను. అప్పుడు సరేనని నొక్కినవారు తరవాత యెంత విచారించినా లాభం తక్కువ.

మేనకోడలు తన కంప్యూటరులో ఒక పెన్‌డ్రైవు మీద లినక్సును సిద్ధం చేసింది. దీన్ని లైవ్ పెన్‌డ్రైవు అంటారు. డిస్కులో యేమీ వెయ్యకుండానే పెన్‌డ్రైవు నుంచి లినక్సు నడుస్తుంది. మీట నొక్కిన వెంటనే పన్నెండో ఎఫ్ మీట గాని, తయారీని బట్టి మరొకటి గాని నొక్కితే, యెక్కడినుంచి లేవాలో అడిగే జాబితా వస్తుంది. అందులో పెన్‌డ్రైవును యెంచుకోవాలి. లినక్సును డిస్కులో వేస్తావా, వెయ్యకుండా చూస్తావా అని అడిగితే, వెయ్యకుండా చూస్తాననే చెప్పాలి. యిక్కడ తొందరపడరాదు.

తెర తెరుచుకుంది. డిస్కు భాగాల జాబితాలో మా లినక్సు భాగం దాని కొలతతో సహా కనిపించింది. మేనకోడలు దాన్ని తెరిచింది. సంచీలో సంచీ తెరుస్తూ పోతే ‘అత్తయ్య పాటలు’ అని మేము పేరు పెట్టిన సంచీ వచ్చింది. లెక్కపెట్టాము, ముప్ఫై ఒకటి. యేదో ఒకటి నొక్కింది పిల్ల. మొదట చిన్న దగ్గు, తరవాత గొంతు సవరించుకోవటం, “పట్టావురా?” అని ఆవిడ అడగటం, ఆ పైన పాట. ఆ దగ్గు కత్తిరించటం మేము మరిచిన దగ్గు. వంటింట్లోంచి యింటావిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. పాట అయ్యేదాకా యెవరం మాట్లాడలేదు.

“ముందు అమ్మమ్మను బయటికి తెద్దాం, తరవాత మరమ్మతు” అంది పిల్ల. యిది పాఠకులు ముఖ్యంగా గమనించాలి. లైవ్ పెన్‌డ్రైవులో సామాను కంటికి కనిపించిన మరుక్షణం బూట్‌లోడరు మాట మరిచిపోయి, బయటి డిస్కు ఒకటి తగిలించి విలువైనవన్నీ నకలు తీసుకోవాలి. మరమ్మతులో చెయ్యి జారినా యిక భయం వుండదు. పాటలు, ఫొటోలు, సంఘం సభ్యుల చిట్టా నకలు అయ్యేసరికి ముప్పావుగంట పట్టింది.

యిక మరమ్మతు. యిది చూడబోతే నాలుగు ఆజ్ఞల పని. టెర్మినల్ అనే నల్లకిటికీలో ఆంగ్లాక్షరాలతో కొట్టాలి. ప్రతిదానికీ ముందు ‘సుడో’ అనే మాట చేర్చాలి, అది యజమాని హోదాలో చేస్తున్నామని చెప్పటం.

మొదటిది ‘ఎఫ్‌డిస్క్’. దానికి ఒక చిన్న గీత, ఎల్ అక్షరం తగిలిస్తే డిస్కులూ వాటి భాగాలూ కొలతలతో చూపిస్తుంది. మా డిస్కు పేరు ‘ఎస్‌డిఎ’, లినక్సు భాగం ‘ఎస్‌డిఎ5’. పాత పద్ధతి పట్టికలో ముఖ్య భాగాలు నాలుగుకు మించి పట్టవు; తక్కినవి ఒకదాని కడుపులో ఉపభాగాలుగా వుండి అయిదు నుంచి అంకె తెచ్చుకుంటాయి. పెన్‌డ్రైవు కూడా యీ జాబితాలోనే మరో పేరుతో కనిపిస్తుంది కనుక, కొలత చూసి యేది యేదో నిర్ధారణ చేసుకోవాలి.

రెండవది ‘మౌంట్’. లినక్సు భాగాన్ని ‘ఎంఎన్‌టి’ అనే ఖాళీ సంచీకి తగిలించటం దీని పని.

మూడవది ‘గ్రబ్-ఇన్‌స్టాల్’. యిదే అసలు ఆజ్ఞ. పూర్తి సరంజామా యెక్కడ వుందో, అంటే ఎంఎన్‌టిలోని ‘బూట్’ సంచీలో వుందని, బూట్-డైరెక్టరీ అనే సూచనతో చెప్పి, చివర డిస్కు పేరు యివ్వాలి. మేము ఉత్సాహంగా ఎస్‌డిఎ5 అని కొట్టాము. అది పొడుగాటి హెచ్చరిక చదివి, ముందుకు పోనని మొండికేసింది. పిల్ల నవ్వి, “పాయింట్సుమన్‌ని గుణుపురంలో నిలబెడితే యేం లాభం మావయ్యా? జంక్షనులో కదా నిలబెట్టాలి” అంది. అంకె తీసేసి వట్టి ఎస్‌డిఎ అని కొట్టాము. పని పూర్తయింది, తప్పు యేదీ లేదు అని ఒక్క వరుస సమాధానం వచ్చింది. అంతే.

పెన్‌డ్రైవు తీసి మీట నొక్కితే మా పాత నల్లపట్టిక ప్రత్యక్షమయింది. లినక్సు లేచింది. విండోసు పేరు నొక్కితే మాత్రం, అటువంటి పరికరం లేదు అని ఒక సణుగుడు తెర మీదికి వచ్చింది. విండోసు భాగాన్ని కొత్తగా తుడిచినప్పుడు దాని గుర్తింపు సంఖ్య మారింది, గ్రబ్ చిట్టాలో పాత సంఖ్యే వుంది. లినక్సులోకి వెళ్లి నాలుగవ ఆజ్ఞ ‘అప్‌డేట్-గ్రబ్’ కొట్టగానే చిట్టా తిరగ వ్రాసుకుంది. యిక్కడ మరో మెలిక చెప్పాలి. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి, పక్క వ్యవస్థలను వెతికే ‘ఓయస్-ప్రోబర్’ అనే సాధనం దానంతట అది నడవదు. పట్టికలో విండోసు పేరే లేకపోతే, ‘ఇటిసి’ సంచీలో ‘డిఫాల్ట్’ కింద వున్న గ్రబ్ కాగితంలో, ‘గ్రబ్ డిజేబుల్ ఓయస్ ప్రోబర్’ అన్న వరుసకు ‘ఫాల్స్’ అని విలువ వ్రాసి, అప్‌డేట్-గ్రబ్ మళ్లీ కొట్టాలి.

యిదంతా పాత బయాస్ యంత్రాల మాట. కొత్త యంత్రాలలో దాని స్థానంలో యూఈఎఫ్‌ఐ అనేది వచ్చింది. అందులో 446 బైట్ల యిరుకు లేదు. డిస్కులో ఒక చిన్న భాగం దీనికే కేటాయించి, విండోసు మనిషికి ఒక సంచీ, లినక్సు మనిషికి ఒక సంచీ వేరువేరుగా యిస్తారు. యెవరిని ముందు పిలవాలన్న వరుస అడుగు పలక జ్ఞాపకంలో వుంటుంది. కనుక యీ యంత్రాలలో పట్టిక మాయమయిందంటే, చాలా సందర్భాలలో లినక్సు మనిషి పోయినట్టు కాదు, వరుసలో వెనక్కి పోయినట్టు. మీట నొక్కగానే యంత్రం సెటప్‌లోకి వెళ్లి అతన్ని ముందుకు జరిపితే సరిపోతుంది. మీది యేదో తెలియకపోతే, విండోసులో ‘ఎంఎస్‌ఇన్‌ఫో32’ అని కొట్టండి. బయాస్ మోడ్ అన్నచోట లెగసీ అని వుంటే పాతది, యూఈఎఫ్‌ఐ అని వుంటే కొత్తది. మరమ్మతుకు పెన్‌డ్రైవును కూడా అదే పద్ధతిలో లేపాలి.

దీనికి తిరగబడ్డ ముచ్చట కూడా వుంది. లినక్సు అక్కరలేదని కొందరు విండోసులో కూచుని దాని భాగం కొట్టేస్తారు. మర్నాడు ‘గ్రబ్ రెస్క్యూ’ అన్న రెండు మాటలతో బండి నిలిచిపోతుంది. జంక్షనులో మనిషి వున్నాడు, అతని సరంజామా వున్న గుడిసె కూల్చేశాము. పాపం యేం చేస్తాడు? అప్పుడు విండోసు పెన్‌డ్రైవుతో లేపి, మరమ్మతు విభాగంలో ‘బూట్‌రెక్’ ఆజ్ఞకు ‘ఫిక్స్ ఎంబీఆర్’ అన్న మాట చేర్చి కొడితే పాత యంత్రాలలో విండోసు మనిషి తిరిగి వస్తాడు. కొత్త యంత్రాలలో వరుసలో ‘విండోస్ బూట్ మేనేజరు’ను ముందుకు తేవటమే.

కొత్త యంత్రాలున్నవారికి ఒక హెచ్చరిక. వాటిలో విండోసు భాగానికి బిట్‌లాకర్ అనే తాళం వుండవచ్చు. యీ వరుసలు కదిపితే అది 48 అంకెల తాళంచెవి సంఖ్య అడగవచ్చు. పనిలోకి దిగకముందే ఆ సంఖ్య కాగితం మీద వ్రాసి బీరువాలో పెట్టుకోండి. లేకపోతే యిప్పటిదాకా చెప్పిన మాట తలకిందులవుతుంది. సామాను నిజంగానే చెయ్యి జారుతుంది.

దుకాణం కుర్రవాణ్ణి మేము తప్పు పట్టము. రోజుకు పది పెట్టెలు చూసేవాడికి తుడిచి వెయ్యటమే దగ్గరి దారి. మా అత్తయ్య గొంతు అందులో వుందని అతనికేం తెలుసు? చెప్పవలసినవాళ్లం మేము. మేమే మరిచాము. యింటావిడ జ్ఞాపకం చెయ్యకపోతే, యివాళ యీ శీర్షికలో మరో విధమైన వ్రాత వుండేది. తరవాత ఒకనాడు ఆ దారిన పోతూ యీ నాలుగు ఆజ్ఞలూ కాగితం మీద వ్రాసి అతనికి యిచ్చాము. “లైవ్ పెన్‌డ్రైవు సంగతి తెలుసు అంకుల్, తీరిక వుండదు” అన్నాడు, కాని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అత్తయ్య పాటలు యిప్పుడు మూడుచోట్ల వున్నాయి. ఒకటి పెట్టెలో, ఒకటి బయటి డిస్కులో, మూడోది మా చెల్లెలి యింట్లో, వేరే వూళ్లో. మనలో యెంతమంది యిళ్లల్లో యిటువంటి గొంతులు ఒకే ఫోనులో, ఒకే పెట్టెలో వున్నాయో కాస్త ఆలోచించండి. ముందుతరం తెలుగు మన పిల్లలకు అందేది ఆ గొంతుల్లోంచే. యీ నెల సంఘం సమావేశానికి వచ్చేటప్పుడు వాటిని వెంట తీసుకురండి. మా మేనకోడలు బయటి డిస్కుతో కూచుని వుంటుంది. సమావేశం ముగిసేలోగా రెండో నకలు తీసి చేతికి యిస్తుంది.